ఏనుగు ఎటు నడవాలి?

"రాజు గుర్రంలాగా దుంకొచ్చా?"

చదరంగం నేర్చుకుంటున్న పిల్లల్ని ఇవాళ ఈ మాట అడిగితే నవ్వుతారు. రాజు ఒక్క గడి నడుస్తాడు, వీలుంటే కోట కట్టుకుంటాడు, అంతకుమించి ఏముంది అంటారు. నేరేడుచర్లలో మా తాత తరం మనుషులు నవ్వేవాళ్లు కాదు. "ఇంతకుముందు చెక్ పడ్డదా, పడలేదా?" అని ఎదురు అడిగేవాళ్లు. పడకపోతే రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రపు దుంకు ఉంది. పడ్డదంటే ఆ హక్కు పోయింది.

నేను వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ని. కబడ్డీ, ఖోఖో నేర్పడం నా ఉద్యోగం. కానీ మండల స్థాయి ఆటల్లో చదరంగం బల్ల దగ్గర నిలబడి తీర్పు చెప్పే పని కూడా ఎప్పుడూ నా మెడకే తగులుకునేది. ఆ పని చేస్తూ చేస్తూ గమనించిన సంగతి ఇది: ఆటలో గెలుపోటముల మీద వచ్చే తగాదాలు తక్కువ. కాయ ఎటు కదలాలి, ఎంత కదలాలి అన్నదాని మీద వచ్చే తగాదాలే ఎక్కువ. ఈ తగాదాలకు పెద్ద చరిత్రే ఉంది. అందులో కొంత పుస్తకాల్లో ఉంది, కొంత మా అరుగుల మీద ఉండేది.

మా తాత నైజాం కాలంలో పట్వారీ దగ్గర లెక్కలు రాసేవాడు. పనిమీద మిర్యాలగూడ తహసీలు కచేరీకి పోయినప్పుడు అక్కడి గుమాస్తాల దగ్గర చదరంగం పట్టుకొచ్చాడట. ఆయన ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రెండు గడుల పరుగు లేదు. ఇద్దరు రాజులూ ఎదురెదురుగా నిలబడరు. నా రాజుకు ఎదురుగా నీ మంత్రి, నీ రాజుకు ఎదురుగా నా మంత్రి ఉండాలి. బంటు అవతలి అంచుకు చేరితే ఇష్టమొచ్చినట్టు మంత్రి అయిపోదు. ఏ నిలువు వరసలో చేరితే ఆ వరస యజమాని అవుతుంది. గుర్రం వరసలో చేరితే గుర్రం, ఏనుగు వరసలో చేరితే ఏనుగు. రాజు వరసలో చేరితే మంత్రి, ఎందుకంటే రెండో రాజు ఉండడు కదా. అది కూడా, ఆ కాయ అప్పటికే చచ్చి ఉంటేనే. ఎదుటివాడి కాయలన్నీ చంపి రాజును ఒంటరిని చేస్తే సగం గెలుపు. రాజుకు చెక్ లేకుండానే కదిలే దారి మూసేయడం తప్పు. దారి మూసినవాడే దారి ఇవ్వాలి.

ఇవి మా తాత సొంతంగా అల్లుకున్నవి అనుకునేవాణ్ని చాలాకాలం. తర్వాత తెలిసింది, దేశమంతటా 19వ శతాబ్దం దాకా, పల్లెల్లో అయితే ఇంకా చాలాకాలం, కొద్ది తేడాలతో ఇదే ఆట నడిచిందని. ఇంగ్లండులో హెచ్. జె. ఆర్. మర్రే అనే బడి అధికారి 1913లో వెలువరించిన చదరంగ చరిత్రలో ఈ దేశవాళీ పద్ధతులకు పెద్ద భాగమే ఇచ్చాడు. ఊరూరికీ మారే నియమాలను పోల్చి పోల్చి విసిగిపోయి ఉంటాడు పాపం.

ఆ నియమాల్లో ఉన్న సందులు చూడండి. రాజు గుర్రపు దుంకు దుంకి ఎదుటి కాయను చంపొచ్చా, ఖాళీ గడిలోకే దుంకాలా? ఒకచోట చంపొచ్చంటారు, ఇంకోచోట కూడదంటారు. గుర్రం వరసలో బంటు ఏడో గడికి వచ్చింది, కానీ రెండు గుర్రాలూ బతికే ఉన్నాయి. అప్పుడు బంటు అంచు మీదికి పోయి బొమ్మలా నిలబడాలా, ఏడో గడిలోనే ఆగి గుర్రం చచ్చేదాకా కాచుకోవాలా? ఎదురు చూస్తున్న ఆ బంటు తనకు ఐమూలగా ఉన్న ఎదుటి కాయల్ని చంపొచ్చా? గుర్రంగా మారిన బంటుకు మారిన వెంటనే ఒక దుంకు ఉచితంగా ఇచ్చే ఆచారం కొన్నిచోట్ల ఉండేది. మా తాత ఇచ్చేవాడు. ఆయనతో ఆడే గరిడేపల్లి పెద్దమనిషి ఒకాయన ఇచ్చేవాడు కాదు. అందుకే వాళ్లిద్దరూ కూర్చుంటే ముందు కాయలు పేర్చేవాళ్లు కాదు, మాట్లాడుకునేవాళ్లు. "దుంకు ఇయ్యాల్నా?" "ఇయ్యొద్దు." "సగం గెలుపు ఉన్నదా?" "ఉన్నది." ఆ మాటలయ్యాకే మొదటి ఎత్తు. పక్కన కూర్చుని చూసేవాళ్లలో ఒకరు ఆ ఒప్పందానికి సాక్షి. తగాదా వస్తే ఆయన చెప్పిందే ఖాయం.

పులి మేకకు కూడా ఇదే పద్ధతి. పటం అందరికీ తెలిసిందే. శిఖరం నుంచి కిందికి నాలుగు గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ మూడు గీతలు, అట్టడుగున ఇంకొకటి. శిఖరాన ఒక చోటు, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు, మొత్తం 23 చోట్లు. మూడు పులులు, 15 మేకలు. మేకల బదులు చింతగింజలు, పులుల బదులు కాస్త పెద్ద రాళ్లు. పటం అరుగు మీద బొగ్గుతో గీసిందో, గుడి బండ మీద ఉలితో చెక్కిందో. హంపీకి పోయినవాళ్లు అక్కడి మండపాల నేలమీద ఇలాంటి ఆటపటాలు చెక్కి ఉండటం చూసే ఉంటారు. కానీ రాతి మీద గీతలే ఉంటాయి, నియమాలు ఉండవు. గీతలు చూసి ఏ ఆటో చెప్పొచ్చు. పులి ఒకే ఎత్తులో ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మేకల్ని దుంకి తినొచ్చా లేదా అన్నది ఆ రాయి చెప్పదు.

మాకు అసలు తగాదా పక్క చట్రం దగ్గర వచ్చేది. అడ్డగీతలు పక్కలకు సాగి అక్కడ నిలువు గీతతో కలుస్తాయి. పులి అడ్డగీత మీద వస్తూ ఆ మూలన ఉన్న మేకను దుంకి కిందికి తిరగొచ్చా? తిన్నగా దుంకాలన్నది మూలసూత్రం, కాబట్టి తిరగకూడదు. అయితే పులి ఆడేవాడు, "గీత ఉన్నది కదా, గీత మీదనే పోతున్న కదా" అంటాడు. ఇద్దరి మాటా సూత్రం నుంచే పుట్టింది. ఒకడు "తిన్నగా" అన్న మాట పట్టుకున్నాడు, ఇంకొకడు "గీత మీద" అన్న మాట పట్టుకున్నాడు. 15 మేకలూ పటం ఎక్కేదాకా ఎక్కిన మేకలు కదలకూడదని మేమందరం ఒప్పుకునేవాళ్లం. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు అన్నదాని మీద మాత్రం ఐదంటే ఐదని, ఆరంటే ఆరని గొంతులు లేచేవి.

అష్టాచెమ్మా సంగతి ఆడవాళ్లను అడగాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంటి వసారాలో సుద్దముక్కతో ఐదైదు ఇరవై ఐదు గడులు గీసి, నాలుగు గవ్వలు వేసేవాళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఆ రెంటికీ మళ్లీ పందెం. ఇక్కడిదాకా అన్ని ఇళ్లలో ఒకటే. ఒక్క కాయనైనా చంపకుండా లోపలి వరసలోకి పోకూడదని మా పెద్దమ్మ వాదన. చంపకపోయినా పోవచ్చని పల్నాడు నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చిన చిన్నమ్మ వాదన. వరసగా మూడుసార్లు చెమ్మా పడితే ఆ పందెమంతా మురిగిపోతుందని ఒకరు, అదృష్టం కలిసొస్తే మురిగిపోవడమేమిటని ఇంకొకరు. మాకు దక్షిణాన పాలకవీడు, మట్టపల్లి దాటితే కృష్ణ. ఆవలి ఒడ్డున పల్నాడు. ఇటు పిల్లను అటు ఇవ్వడం, అటు పిల్లను ఇటు తెచ్చుకోవడం మామూలే. వచ్చిన పిల్ల సారెతోపాటు తన పుట్టింటి నియమాలూ తెచ్చుకునేది. నాకు తెలిసినంతలో మా వాడకట్టులో అష్టాచెమ్మా నియమాలు మారింది పెళ్లిళ్ల వల్లనే. కొత్త కోడలు మొదటి ఏడాది అత్తగారి పద్ధతిలో ఆడేది. బిడ్డను ఎత్తుకున్నాక తన పద్ధతి పెట్టేది.

ఆట షరతు మీద తగాదా ముదిరితే ఏమవుతుందో పల్నాటివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 12వ శతాబ్దపు కథ. కోడిపందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్నది షరతు. ఓడిన మాచర్లవాళ్లు పోయారు. గడువు తీరాక వచ్చి రాజ్యం అడిగితే గురజాలవాళ్లు ఇవ్వలేదు. రాయబారం పోయిన అలరాజు తిరిగి రాలేదు. చివరికి కారెంపూడిలో యుద్ధం. పందెంలో గురజాలవాళ్ల నాగమ్మ మోసం చేసిందా లేదా అన్నది వీరగాథ పాడేవాళ్లు తేలుస్తారు. నాకు అందులో కనిపించేది, ఆట అయిపోయాక కూడా షరతుకు అర్థం చెప్పే మనిషి కావాలన్నది. అంతకుముందు కథ మహాభారతంలో ఉంది. తనను తాను పణంగా పెట్టి ఓడిన ధర్మరాజుకు ఆ తర్వాత ద్రౌపదిని పణంగా పెట్టే హక్కు ఉందా అని ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఒక ఆట నియమం మీద ప్రశ్న. ఎత్తు చెల్లుతుందా, చెల్లదా? సభలో అంతమంది పెద్దలుండగా విదురుడు, వికర్ణుడు తప్ప చెల్లదని తెగేసి చెప్పినవాడు లేడు. తీర్పు చెప్పాల్సినవాళ్లు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్న సభ అది. నేను అలాంటివాళ్లను మండల ఆటల్లోనూ చూశాను.

ఇక చదరంగంలోని ఏనుగు దగ్గరికి వస్తాను. మన పక్కన ఏనుగు మూలన ఉంటుంది, అడ్డంగా, నిలువుగా ఎంత దూరమైనా నడుస్తుంది. శకటు ఐమూలగా పోతుంది. ఉత్తరాదిలో మన శకటు చోట ఒంటె ఉంటుంది. ఇదంతా తర్వాతి కాలపు ఏర్పాటు. వెయ్యేళ్ల కింద ఏనుగు నడక మీద మూడు వాదాలున్నాయి. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు కావ్యాలంకారంలో అక్షరాలను చదరంగపు గడుల్లో పేర్చి, గుర్రం నడకలో, రథం నడకలో, ఏనుగు నడకలో చదివినా అదే శ్లోకం వచ్చేలా చిత్రకవిత్వం కట్టాడు. అందులో ఏనుగు నడక ఏమిటన్నదాని మీద పండితులు బోలెడు కాగితం ఖర్చుపెట్టారు. 1030 ప్రాంతంలో మన దేశం గురించి రాసిన అల్‌బెరూని అనుమానానికి తావులేకుండా చెప్పాడు: ఏనుగు ముందుకు ఒక గడి, నాలుగు మూలలకూ ఒక్కో గడి. మొత్తం ఐదు చోట్లు. తొండం ఒకటి, కాళ్లు నాలుగు. బర్మాలో, సయాంలో ఏనుగుకు సాటి కాయ ఇవాళ్టికీ అలాగే నడుస్తుంది. అల్‌బెరూనికి ముందే, 9వ శతాబ్దపు అరబ్బు ఆటగాడు అల్ అద్లీ భారతీయులు ఏనుగును మూలన పెడతారనీ, అది తిన్నగా రెండో గడికి దుంకుతుందనీ రాశాడు. పర్షియావాళ్ల ఏనుగు ఐమూలగా రెండో గడికి దుంకేది. ఒకే జంతువు, ఒకే పటం, మూడు నడకలు.

వీటిలో ఏది అసలైంది అని నన్నెవరైనా అడిగితే నేను అల్‌బెరూని వైపు మొగ్గుతాను. తొండం, కాళ్లు అన్న లెక్క పల్లెటూరి మనిషి గుర్తుపెట్టుకోవడానికి కట్టుకున్న లెక్కలాగా ఉంది. పుస్తకం లేనిచోట నియమం నిలవాలంటే ఇలాంటి గుర్తే కావాలి. కానీ మిగతా రెండూ తప్పు అనను. ఆయన ఆడినవాళ్లను చూశాడు, అల్ అద్లీ ఇంకెవరినో చూసి ఉంటాడు.

ఇంగ్లీషువాళ్లు వచ్చాక తగాదా ఇంకో రూపం ఎత్తింది. రెండు పద్ధతులు ఒకే బల్ల మీదికి వచ్చాయి. 1814లో బొంబాయిలో తిరువేంగడాచార్య శాస్త్రి పుస్తకం ఒకటి అచ్చయింది. ఆయన సంస్కృతంలో కూర్చిన చదరంగ సమస్యలకు ఇంగ్లీషు రూపం అది. యూరప్ ఆట పద్ధతికి మలచినవి అని పేరులోనే చెప్పుకుంది. అంటే కొనేవాడు ముందు తెలుసుకోవాల్సింది కాయలు ఏ నియమం మీద నడుస్తాయో. 1829లో మద్రాసులో ఇంకో పుస్తకం వచ్చింది. మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య దూరాన ఉండి ఆడిన రెండు ఆటలు అందులో ఉన్నాయి. మద్రాసు పక్షాన ఎత్తులు నడిపించింది గులాం కాసిం. ఆయనతో కలిసి వ్యాఖ్య రాసింది మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ కాక్రేన్. ఎదురెదురుగా కూర్చోని ఆటలో సాక్షి ఉండడు, అరుగు ఉండదు. రాతలో ఉన్నదే నియమం. మా తాత, గరిడేపల్లి పెద్దమనిషి ఆడినట్టు అక్కడ నడవదు.

బెంగాలులో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే పల్లెటూరి ఆటగాడు జాన్ కాక్రేన్‌తో ఎన్నో ఆటలు ఆడాడు. ఈ కాక్రేన్ వేరు, కలకత్తాలో వకీలు. బెనర్జీకి అలవాటైంది బంటు ఒక్క గడి నడిచే ఆట. అందుకని కొత్త నియమాల కింద ఆడుతూ కూడా బంట్లను ఒక్కో గడే నెమ్మదిగా జరిపి, శకటును పక్క గట్టున కూర్చోబెట్టి, ఎదుటివాణ్ని ముందుకు రానిచ్చేవాడు. అప్పటి ఇంగ్లీషువాళ్లకు అది పల్లెటూరి ఆటలా కనిపించింది. ఇవాళ ప్రపంచ చాంపియన్లు ఆడే కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్ రక్షణల పేర్లలో ఇండియా ఉండటానికి మూలం ఆ నడక. పంజాబు నుంచి లండన్ పోయిన మీర్ సుల్తాన్ ఖాన్‌ది కూడా ఇదే కథ. చిన్నప్పుడు నేర్చింది దేశవాళీ ఆట. కొత్త నియమాలు పట్టుబడిన కొన్నేళ్లకే 1929లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. మధ్యలో మాజీ ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకాను ఓడించాడు. గ్రాండ్‌మాస్టర్ గౌరవం మాత్రం చనిపోయాక 58 ఏళ్లకు, 2024లో ఇచ్చారు.

యూరప్‌లో అంతా ఒక్కమాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు. ఇటలీలో 19వ శతాబ్దం చివరిదాకా కోట కట్టే పద్ధతి వేరు. బంటు చివరి గడికి చేరాక మారకుండా బంటుగానే ఉండిపోవచ్చని 1862లో బ్రిటిష్ చెస్ అసోసియేషన్ నియమావళి ఒప్పుకుంది. కదలడానికి చోటే లేని ఆ చచ్చు బంటును ప్రపంచ చాంపియన్ స్టైనిట్జ్ కూడా సమర్థించాడు. ఏడో గడిలో ఆగిపోయిన మా తాత బంటుకు లండన్‌లో ఒక చుట్టం ఉన్నాడన్నమాట.

నడక మీద తగాదా పాత ఆటలకే పరిమితం కాదు. మా అన్న మనవడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. ఇంజనీరింగ్ చదివి బుద్ధిగా ఉద్యోగం చేస్తూ, సెలవు రోజున బొమ్మసైనికులతో యుద్ధం ఆడతాడు. ప్లాస్టిక్ బొమ్మలు, ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత, సొంతంగా రంగులు వేసుకున్నవి. ఇంగ్లండులో 1983లో మొదలైన వార్‌హామర్ ఆ ఆటల్లో పేరుమోసింది. బల్ల మీద గడులు ఉండవు. టేపు పెట్టి కొలిచి బొమ్మను జరుపుతారు. ఊరికి వచ్చినప్పుడు వాడు నాతో ఒక తగాదా చెప్పుకున్నాడు. ఆరంగుళాలు నడవాల్సిన బొమ్మను బొమ్మ కింది పీటకు ముందు అంచు నుంచి కొలిచి, చేరాక వెనక అంచును అక్కడ పెట్టాడట అవతలివాడు. పీట వెడల్పంతా దొంగ నడక. "తాతా, రూల్‌లో ఆరు అంగుళాలని ఉంది గానీ, ఆ ఎడిషన్‌లో ఎక్కణ్నుంచి ఎక్కడికి అని తేటగా లేదు" అన్నాడు. అడ్డంగా ఉన్న గోడ చుట్టూ తిరిగితే ఆ తిరుగుడు లెక్కలోకి వస్తుందా, నిలబడ్డచోట పక్కకు తిరిగితే నడక కింద కొట్టుకుంటారా అని ఇంకో రెండు చెప్పాడు.

నాకు చిర్రగోనె గుర్తొచ్చింది. చిర్ర పడ్డచోటు నుంచి గుంటదాకా గోనెతో కొలిచేటప్పుడు ఒక్కో కొలతకూ గోనెను కాస్త ముందుకు జరిపి దొంగ లెక్క తీసేవాడు ప్రతి వాడలోనూ ఒకడుండేవాడు. వాడి చెయ్యి పట్టుకోవడానికి ఇంకొకణ్ని పెట్టేవాళ్లం.

మనవడి ఆటకూ మా తాత ఆటకూ నిజంగానే చుట్టరికం ఉంది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే ఉపాధ్యాయుడు చదరంగాన్ని సాగదీసి, వెయ్యికి పైగా గడులతో, కొండలూ ఏరులూ ఉన్న యుద్ధ చదరంగం తయారుచేశాడు. 1812లో ప్రష్యా రాజుకు రైస్‌విట్జ్ అనే ఆయన గడులు తీసేసి నేలను నేలలా చూపించే ఆటను చూపించాడు. కొడుకు రైస్‌విట్జ్ దాన్ని 1824లో పటం మీద ఆడే ఆటగా, లిఖిత నియమాలతో సైన్యానికి ఇచ్చాడు. గడులు ఉన్నంతకాలం తగాదా ఎన్ని గడులన్న దగ్గర ఆగుతుంది. గడులు తీసేశాక ఎక్కణ్నుంచి కొలవాలన్నది మొదలవుతుంది. అందుకే రైస్‌విట్జ్ ఆటలో మధ్యవర్తి తప్పనిసరి. అయినా నియమాలు పెరిగి పెరిగి పట్టికలు, పాచికల లెక్కలు భరించలేనంత అయ్యాయి. 1876లో వెర్డీ దు వెర్నువా అనే జర్మన్ సేనాధికారి ఆ పట్టికలన్నీ పక్కన పెట్టేయమన్నాడు. యుద్ధం చూసిన అనుభవజ్ఞుణ్ని మధ్యలో కూర్చోబెట్టి, ఆయన చెప్పిందే నడక అనుకోమన్నాడు. చదువుకున్న జర్మన్ సైన్యం నూరేళ్లు తిరిగి మా అరుగు దగ్గరికి వచ్చింది.

అయితే ఆ పద్ధతికీ లోపముంది. మధ్యవర్తి మంచివాడైతేనే. 1913లో, మర్రే పుస్తకం వచ్చిన ఏడాదే, హెచ్. జి. వెల్స్ పిల్లల సీసపు బొమ్మలతో ఆడే యుద్ధానికి లిటిల్ వార్స్ అనే చిన్న పుస్తకం రాశాడు. కాల్బలం అడుగు దూరం, గుర్రపుదళం రెండడుగులు, కొలవడానికి దారపు ముక్క. నియమాలు చిన్నవి, తేలికవి. ఇంటి మనుషులూ స్నేహితులూ ఆడే ఆట కాబట్టి చెల్లింది. డబ్బూ బహుమతీ ఉన్నచోట దారపు ముక్క చాలదు.

మండల ఆటల్లో ఒకసారి నా బల్ల దగ్గరే ఇది తేలింది. పాలకవీడు వైపు తండా నుంచి వచ్చిన పిల్లవాడు, ఎనిమిదో తరగతి. చక్కగా ఆడుతున్నాడు. ఆట మధ్యలో రాజును గుర్రంలాగా దుంకించాడు. ఎదుటి పిల్ల చెయ్యి ఎత్తింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఎవరు నేర్పార్రా అంటే "మా తాత సార్. చెక్ పడలె కదా సార్, ఒక్కసారి దుంకొచ్చు" అన్నాడు. నేను ఎత్తు వెనక్కి తీయించి, అదే రాజుతో చెల్లే ఎత్తు వేయమన్నాను. పోటీ నియమం అదే, ఇంకో తీర్పు లేదు. కానీ వాడు మోసం చేయలేదని, వాడు ఆడింది పాత ఆటలో సరైన ఎత్తేనని అక్కడున్న పిల్లలందరికీ వినపడేలా చెప్పాను. నిర్వాహకుల్లో ఒకాయనకు అది నచ్చలేదు. పిల్లల్ని తికమక పెట్టొద్దన్నాడు. తికమక పెట్టింది నేను కాదు, ఒకే కాయకు రెండు నడకలున్నాయన్న నిజం.

1924లో పారిస్‌లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే పుట్టింది. 1951లో అఖిల భారత చదరంగ సమాఖ్య పుట్టింది. ఆ తర్వాత ఒకే పుస్తకం, ఒకే నడక. దాని వల్ల కలిగిన మేలు నేను కాదనను. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. గుంటూరు హరికృష్ణ, హారిక, మన వరంగల్ అర్జున్ ఎరిగైసి ఏ దేశంలో కూర్చున్నా నియమాలు మాట్లాడుకోనక్కర్లేదు. గడియారం నొక్కి మొదలుపెట్టొచ్చు. మా తాత ఆటతో ఇది అయ్యేది కాదు. అయినా అదే ఫిడే నియమావళి మొదట్లో, అన్ని సందర్భాలూ ఈ నియమాల్లో పట్టవనీ, పట్టనిచోట దగ్గరి సందర్భాన్ని చూసి, ఆటను నడిపించే మధ్యవర్తి తన తెలివితో, పక్షపాతం లేకుండా తేల్చాలనీ రాసుకుంది. నాకు ఆ నియమావళిలో అన్నిటికంటే నచ్చిన భాగం అదే. ప్రతి తీర్పరీ దాన్ని పరీక్షకు చదివినట్టు చదవాలి.

పులి మేకకూ అష్టాచెమ్మాకూ ఫిడే లేదు, రాదు కూడా. వచ్చినా నాకు ఇష్టం లేదు. పెద్దమ్మ పద్ధతి, చిన్నమ్మ పద్ధతి రెండూ ఉండాలి. కానీ ఇప్పుడు రెండూ లేకుండా పోతున్నాయి. ఫోన్‌లో ఆడే అష్టాచెమ్మాలో నియమం ఎవరో బెంగళూరులో రాసిందే ఉంటుంది. అది ఒప్పుకోకపోతే నొక్కడానికి మీట ఉండదు. తగాదా లేకపోతే ఎవరూ పాత నియమం గుర్తుచేయరు. గుర్తుచేయకపోతే ఒక్క తరంలో పోతుంది.

కాబట్టి నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వైపు చదువరులకు ఒక విన్నపం. మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్లు ఉంటే ఒక పూట వాళ్ల దగ్గర కూర్చుని, ఒక కాగితం మీద పటం గీయించి, నియమాలు చెప్పించుకుని రాయండి. "పులి మేకను దుంకి తింటుంది" అని రాస్తే చాలదు, అది అందరికీ తెలుసు. ఎన్ని తింటే గెలుపు, వరసగా రెండు తినొచ్చా, మూలన తిరగొచ్చా, చంపకుండా లోపలికి పోవచ్చా, మూడోసారి చెమ్మా పడితే ఏమిటి, తగాదా వస్తే ఎవరి మాట చెల్లేది, ఇవి అడగండి. చెప్పినవారి ఊరు, పుట్టింటి ఊరు రెండూ రాయండి. ఒక ప్రతి ఇంట్లో పెట్టుకుని, ఒకటి మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. చదరంగం చెప్పించుకుంటే మాత్రం రాజులు ఎదురెదురుగా నిలబడతారా, రాజుకు ఎదురుగా మంత్రి నిలబడతాడా అన్నది మొదట అడగండి. ఆ ఒక్క జవాబుతో వాళ్లు ఏ ఆట నేర్చారో తెలిసిపోతుంది.